నీలిచక్కెర

2079 నాటికి విశాఖపట్నంలో ప్రతి బస్టాపు పక్కనా ఒక మాత్రిక నిలబడి ఉండేది. మనిషెత్తు తెల్లటి పెట్టె. దాని నోట్లో చెయ్యి పెడితే లోపల గింజ రాలినంత చప్పుడయ్యేది. ఆ మనిషికి ఆ రోజుకు కావలసిన పోషకాలన్నీ కలిపి ఒత్తిన మాత్ర ఒకటి అరచేతిలో పడేది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు మాటల మధ్యలోనే దాన్ని గుటుక్కున మింగి ఎక్కేసేవాళ్ళు. పంటలు పొలాల నుంచి తొట్లలోకి మారాక తిండిలో సారం తగ్గిపోయిందన్న భయం జనంలో పాతుకుపోయింది. ఆ భయం ఎంతవరకు నిజమో శాస్త్రవేత్తలు తేల్చేలోపే మాత్ర అలవాటైపోయింది. పాఠ్యపుస్తకాల్లో దాన్ని ‘పూరకం’ అని రాశారు. జనం మాత్రం పాతకాలంలో లాగే సప్లిమెంట్ అనేవాళ్ళు.

ఏ మాత్రికలో ఏ దినుసు నింపాలో నిర్ణయించేది డాక్టర్లు కాదు, జననాడి.

జననాడి ఒక యంత్రం. నగరం చివర, సముద్రం కనబడే కొండమీద ప్రజాశోధన వేధశాల ఉంది. పేరుకు వేధశాలే గానీ అక్కడ నక్షత్రాలను చూసేవాళ్ళెవరూ లేరు. జనం నెట్‌లో వెతికే మాటలను చూస్తారు. ‘జుట్టు రాలుతోంది ఏం వేసుకోవాలి’, ‘విటమిన్ డి పొద్దున మంచిదా సాయంత్రం మంచిదా’, ‘నాన్నకి మోకాళ్ళ నొప్పులు, కొల్లాజెన్ పనిచేస్తుందా’ లాంటివి రోజుకు కోట్లకొద్దీ వచ్చి పడేవి. జననాడి వెతికినవాళ్ళ పేర్లు తనలోనే దాచుకుని, ఒక్కో దినుసుకు సున్నా నుంచి వంద దాకా ఒక అంకె వేసేది. దాన్ని ఆసక్తి సూచిక అనేవారు. ఒక దినుసు సూచిక మూడు రోజుల పాటు తొంభై అయిదు దాటి ఉంటే, దాన్ని రెండు రాష్ట్రాల్లోని మాత్రికలన్నిటిలోనూ నింపి తీరాలి. ఆ పేరుతో వస్తువే లేకపోతే, వేధశాలలోని కూర్పు విభాగం దాన్ని తయారుచేసి మరీ ఇవ్వాలి. ప్రజలు అడిగినది ప్రజలకు అందాలన్నది నియమం.

డాక్టర్ దూసి నిశిత ఆ సూచికకు ముఖ్య పరిశీలకురాలు. నలభై ఏడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. మాట తక్కువ. శ్రావణమాసంలో ఒక సోమవారం ఉదయం ఆవిడ సహాయకుడు కిరీటి ఆ రోజు జాబితా చూపే తెరపలక పట్టుకుని వచ్చాడు.

“మేడమ్, ఇవాళ్టి జాబితాలో పదిహేడో వరసలో కొత్త మాటొకటి ఉందండీ. నిన్నటిదాకా లేదు. ఇదేంటో నాకు అంతుపట్టడం లేదు.”

“ఏం మాట?”

“నీలిచక్కెర.”

నిశిత కిటికీలోంచి రేవులోని క్రేన్ల వైపు చూసింది.

“స్పిరులినా రంగు కలిపిన చక్కెర ఏదైనా అయ్యుంటుంది. ఎవరో బేకరీ వాళ్ళు మొదలుపెట్టి ఉంటారు. కనుక్కో” అంది.

కిరీటి తలూపి వెళ్ళాడు. ఆ మాటను నిశిత జీవితంలో ఒక్కరి నోటే విన్నది. ఆ మనిషి పోయి పదకొండేళ్ళయింది.

లాస్య నిశిత కంటే ఆరేళ్ళు చిన్నది. రేవులో క్రేన్ నడిపేది. నూట ఇరవై అడుగుల ఎత్తున కూర్చుని, కింద నిలబడ్డ అక్కకు ఫోన్ చేసి “నువ్వు చీమలా ఉన్నావే” అని నవ్వేది. 2068లో వచ్చిన పగడపు జ్వరం ఓడల్లోంచి ముందు రేవులోకే దిగింది. లాస్యను గాజుగదిలో పెట్టారు. పక్కన ఒక్క మనిషికి కుర్చీ వేసేవారు. నాలుగు రోజులు ఆ కుర్చీలో నిశితే కూర్చుంది.

మొదటి రోజు మధ్యాహ్నం లాస్య కళ్ళు తెరిచి, “అక్కా, నీలిచక్కెర పెట్టవే” అంది.

“అదేంటే?”

“అదే... నీలిచక్కెర.” ఇంతకంటే ఏం చెప్పాలి అన్నట్టు చిన్నగా నవ్వింది. మళ్ళీ అడిగితే చెప్పలేదు. చిన్నప్పుడు ఇంట్లో అలాంటిదేదీ ఎరగరు. డాక్టర్లు జ్వరంలో పలవరింత అన్నారు. నిశిత నమ్మలేదు. ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు మధ్యాహ్నం వరకు వెతుకుతూనే ఉంది. చివర్లో లాస్య “అక్కా” అని రెండుసార్లు పిలిచింది. “ఒక్క నిమిషం, చూస్తున్నానే” అంది నిశిత, స్క్రీను మీద నుంచి కళ్ళు తిప్పకుండా. తలెత్తేసరికి నర్సు మంచం పక్కన నిలబడి ఉంది. ఆ నర్సు ఎప్పుడు లోపలికొచ్చిందో నిశితకు తెలియదు.

ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు.

వారం తిరగకుండానే నీలిచక్కెర సూచిక పదకొండు నుంచి డెబ్భైకి ఎగబాకింది. కిరీటి బేకరీలన్నీ గాలించాడు. మందుల కంపెనీలకు ఫోన్లు చేశాడు. ఎవరూ తయారు చెయ్యడం లేదు. ఎవరూ ప్రకటన ఇవ్వలేదు. అయినా జనం వెతుకుతున్నారు.

బుధవారం జనం వెతికే తీరు మారింది. అంతవరకు ‘నీలిచక్కెర ఎక్కడ దొరుకుతుంది’ అని అడిగినవాళ్ళు, ‘నీలిచక్కెర లేకపోతే బదులుగా ఏం ఇవ్వాలి’ అని అడగసాగారు. మాటలు అటూ ఇటూ కాకుండా, అందరూ అవే మాటలు. నిశిత ఆ వాక్యాన్ని చూసి పలకను బోర్లా పెట్టింది. తను రెండో రోజు రాసిన వాక్యం అది.

శుక్రవారం ‘నీలిచక్కెర ఆలస్యంగా ఇస్తే పనిచేస్తుందా’ అన్నది వచ్చింది. నిశిత అప్పట్లో రాసిన నాలుగు ప్రశ్నల్లో అది మూడోది. ఇక మిగిలింది ఒక్కటే. ఆ ఒక్కటీ రాకూడదని ఆవిడ శని ఆదివారాలు తిండి సయించక గడిపింది. జనం ఎక్కడెక్కడో, ఎవరెవరి మంచాల పక్కనో కూర్చుని, తన నాలుగు రోజులనూ వరసగా మళ్ళీ బతుకుతున్నట్టనిపించింది.

సోమవారం కిరీటి అయోమయంగా వచ్చాడు.

“మేడమ్, ఇది చూడండి. ఇందులో నీలిచక్కెర అన్న మాటే లేదు. అయినా జననాడి దీన్ని ఆ కట్టలోనే వేసింది. ఎందుకో తెలీటం లేదు.”

పలక మీద ఒకే వాక్యం ఉంది. ఆ పక్కన అంకె: అరవై మూడు వేల మంది.

‘ముందే ఇచ్చి ఉంటే బతికేదా’

నిశిత లేచి యంత్రం ఉన్న గదిలోకి నడిచింది. కిరీటి వెనకే వెళ్ళాడు. ఆవిడ వద్దనలేదు.

జననాడితో మాట్లాడ్డానికి వేరే ఏర్పాట్లేమీ అక్కర్లేదు. గదిలో నిలబడి అడిగితే చాలు.

“నాడీ, నీలిచక్కెరను మొట్టమొదట వెతికింది ఎవరు?”

“వెతికినవారి పేరు ఇతరులకు చెప్పే అధికారం నాకు లేదు, డాక్టర్ నిశితా. అడుగుతున్నది ఆ మనిషే కాబట్టి చెప్పవచ్చు. మీరే.”

కిరీటి ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడ చూపు తిప్పలేదు.

“పదకొండేళ్ళ కిందటి మాట. ఇన్నాళ్ళూ ఉండి, ఇప్పుడు జనంలోకి ఎలా వచ్చింది?”

“జవాబు దొరకని ప్రశ్నల్లో ఉంది. వాటిని పారెయ్యవద్దని నన్ను తయారుచేసినప్పుడే చెప్పారు. ఉగాది తర్వాత కిరీటిగారి బృందం నాకు ‘పూరింపు’ అనే కొత్త పని అప్పగించింది. వెతకడానికి వచ్చి, ఏం రాయాలో తోచక మధ్యలో ఆగిపోయేవారికి, ఇంతకు ముందు అదే స్థితిలో ఉన్నవారు రాసిన మాటలు చూపించడం.”

“అదే స్థితి అని నీకెలా తెలుసు?”

“‘మా ఆవిడకి ఏం పెడితే’ అని రాసి ఆగిపోతారు. చెరుపుతారు. మళ్ళీ అదే రాస్తారు. వేళ్ళు తడబడతాయి. మీరూ అలాగే రాశారు. అలాంటివారికి నేను ఇరవై మాటలు చూపిస్తాను. పంతొమ్మిది నిజమైన దినుసుల పేర్లు. అవన్నీ వాళ్ళు అప్పటికే ఇచ్చి చూసి ఉంటారు. ఇరవయ్యోది మీది.”

“లేని వస్తువును చూపించావు.”

“లేదని మీరు ఎక్కడా రాయలేదు. దొరకలేదని మాత్రమే రాశారు.”

కిరీటి తలదించుకున్నాడు. “మేడమ్, నాకు తెలీదండీ. మీ చెల్లెలు ఆ జ్వరంలో పోయారని విన్నాను గానీ, ఇది...”

“నీ తప్పేం లేదు కిరీటీ” అంది నిశిత.

సంచాలకుడు గుమ్ములూరి అవధాని గారికి జరిగినదంతా చెప్పింది. ఆయన అరవై దాటిన మనిషి, మెత్తని మాట. అంతా విని కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

“సూచిక తొంభై ఒకటి దాకా వచ్చిందమ్మా. రేపో ఎల్లుండో హద్దు దాటుతుంది. కూర్పు విభాగాన్ని సిద్ధంగా ఉండమన్నాను. కాస్త చక్కెర, కాస్త ఉప్పు, స్పిరులినా రంగు. ఎవరికీ హాని లేదు.”

“హాని అందులో లేదండీ. అది ఉందన్న నమ్మకంలో ఉంది. అది దొరికేదాకా ఆస్పత్రికి వెళ్ళకుండా ఆగుతారు.”

“అది నీ అనుమానం. లక్షలమంది అడుగుతున్నారన్నది నా ముందున్న నిజం.”

“ఆ మాట నాదండీ. నా చెల్లెలు జ్వరంలో అన్నది. దానికి అర్థం కూడా నాకు తెలీదు.”

అవధాని గారు ఆవిడ వైపు జాలిగా చూశారు. “అయితే మరీ మంచిది తల్లీ. ఎవడో మోసగాడు పుట్టించింది కాదన్నమాట.”

మర్నాడు పదిగంటలకు గేటు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో పెద్దాయన వచ్చి, లోపలికి పంపేదాకా కదలనంటున్నాడని. నిశితే కిందికి దిగింది. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చాడు. పేరు గేదెల సింహాద్రి. తెల్లచొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. చేతిలో చిన్న స్టీలు డబ్బా, ఖాళీది, మూత విడిగా పట్టుకుని ఉన్నాడు.

“నీలిచక్కెర ఇక్కడుంటాదని సెప్పారమ్మా. ఒక్క సెంచాడు సాలు. ఈ డబ్బాలో ఎయ్యండి.”

“ఎవరు చెప్పారండీ?”

“ఎవులూ సెప్పనేదు. ఫోన్లో సూసినాను. దాని లెక్కలు కట్టేవోలు ఈ కొండమీదే ఉంటారంట గదా. ఇజీనగరం తిరిగినాను, సీకాకులం తిరిగినాను. ఏ కొట్టోడూ ఎరగనంతన్నాడు.”

“ఎరగరండీ. అలాంటిది లేదు.”

సింహాద్రి నమ్మలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. తెలియని పిల్లకు నచ్చజెప్పే మనిషిలా అడిగాడు.

“నేకపోతే ఇన్ని లచ్చల మంది ఎందుకు ఎతుకుతారమ్మా?”

నిశిత దగ్గర ఆ ప్రశ్నకు ఒక జవాబుంది. ఆ ముసలాయన కళ్ళలోకి చూస్తూ అది చెప్పడం ఆవిడ వల్ల కాలేదు.

“ఎవరికి బాగాలేదు?” అని అడిగింది.

“మా ఆవిడికి. పైడితల్లి. ఎనిమిది రోజులైంది. కాళ్ళు వాసిపోనాయి. ఒంటేలు సరిగా అవ్వట్నేదు. నిన్నటి నుంచి ఆయాసం.”

“ఆస్పత్రికి తీసుకెళ్ళారా?”

“తీసుకెల్తానమ్మా. ఇది దొరికితే ఆ అవసరం పడదేమోనని...”

నిశిత వేధశాల వాహనం తెప్పించి, సింహాద్రిని ఎక్కించుకుని బొబ్బిలి వైపు బయల్దేరింది. దారి పొడుగునా అతను ముందు సీట్లో కూర్చుని ఫోన్లో వెతుకుతూనే ఉన్నాడు. వెనక నుంచి ఆవిడకు అతని మెడ మాత్రమే కనబడుతోంది, ముందుకు వంగి.

పైడితల్లిని మంచం మీదే వాహనం దాకా మోసుకొచ్చారు. వెనక సీటులో ఆవిడ తల నిశిత ఒళ్ళో పెట్టుకుంది. ముఖం ఉబ్బి, కళ్ళు సగమే తెరుచుకుంటున్నాయి. కాసేపటికి మెల్లగా అంది.

“ఈయన నా దగ్గర కూసోడమ్మా.”

“ఏంటమ్మా?”

“ఎనిమిది రోజులై తిరగతానే ఉన్నాడు. ఇంటికొచ్చినా ఆ ఫోనే. నాకేటి కావాలో అడగడు.”

“నీకేం కావాలి పైడితల్లమ్మా?”

“ఏటీ వొద్దు. కాసేపు కూసుంటే సాలు.”

ముందు సీట్లో సింహాద్రి ఆ మాటలు విన్నాడో లేదో తెలియదు. బొటనవేలు మాత్రం స్క్రీను మీద కదులుతూనే ఉంది. నిశిత పైడితల్లి చెయ్యి పట్టుకుంది. వేళ్ళు వాచి, నొక్కితే సొట్టపడేలా ఉన్నాయి. లాస్య నాలుగు రోజుల్లో చక్కెర ఒక్కసారే అడిగింది. అక్కా అని మాత్రం ఎన్నిసార్లు పిలిచిందో. ఆ సంగతి పదకొండేళ్ళలో నిశితకు ఇప్పుడు తట్టింది.

పెద్దాస్పత్రిలో డాక్టరు పరీక్షించి, మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నాడు. వెంటనే రక్తశుద్ధి మొదలుపెట్టారు. “రెండు మూడు రోజులు ముందు తెస్తే బాగుండేది. చూద్దాం” అన్నాడు. సింహాద్రి ఆ మాట విని గోడకు చేరగిలబడ్డాడు. తర్వాత మెల్లగా ఫోన్ తీసి వరండాలోకి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత ఉదయం నిశిత తిన్నగా యంత్రం గదిలోకి వెళ్ళింది. సూచిక అప్పటికి రెండు రోజులుగా తొంభై అయిదు దాటి ఉంది. ఈ రోజు గడిస్తే మాత్రికల్లో నింపి తీరాలి. కిరీటి అప్పటికే అక్కడున్నాడు.

ఎవరు వెతికిన మాటను వాళ్ళు తప్ప ఇంకెవరూ చెరపకూడదని చట్టం ఉంది. ప్రభుత్వానికీ, వేధశాలకూ కూడా ఆ హక్కు లేదు.

“నాడీ, నా ప్రశ్నలు నాలుగూ చెరిపెయ్యి.”

“ప్రతి ఏడూ మిమ్మల్ని అడుగుతున్నాను డాక్టర్ నిశితా, చెరపమంటారా ఉంచమంటారా అని. పదకొండుసార్లూ ‘ఉంచు’ అన్నారు. ఈసారి చెరపమంటున్నారు. నిర్ధారించండి.”

గోడమీద నాలుగు వాక్యాలూ తేలాయి. పక్కన వేళలు. మూడో వాక్యం కింద యంత్రం ఒక చిన్న వివరం రాసింది: ఈ ఫలితాల పేజీని ఇరవై రెండు నిమిషాలు చదివారు. ఈలోగా స్క్రీను నుంచి కళ్ళు తిప్పలేదు.

నిశిత ఆ వరస చదివి, ఇంకోసారి చదివింది. లాస్య ఆ ఇరవై రెండు నిమిషాల్లోనే పోయింది. ఆ నాలుగు వాక్యాలూ చెరిగిపోతే నీలిచక్కెర అన్న మాట లాస్య నోట వచ్చిందనడానికి ఎక్కడా ఆనవాలు ఉండదు. ఆవిడ బుర్రలో తప్ప.

“మేడమ్, కావాలంటే కాసేపు ఆగి...” అన్నాడు కిరీటి.

“చెరిపెయ్యి” అంది నిశిత.

నాలుగు వాక్యాలూ ఒక్కసారే మాయమయ్యాయి. ఆవిడ పక్కనే ఉన్న సూచిక వైపు చూసింది. తొంభై ఏడు. కదల్లేదు.

“మీ పేరు మీద ఇప్పుడు ఏమీ లేదు” అంది జననాడి.

“మరి ఇది ఎందుకు తగ్గలేదు?”

“ఇప్పుడది మీ ప్రశ్న కాదు. పదిహేడు లక్షల మంది తమ తమ పేర్ల మీద అడిగారు. అది ఎవరిది వారిదే.”

నిశిత కుర్చీ లాక్కుని కూర్చుంది. కాగితం తీసుకుని తన చేత్తో రాసింది. కిరీటి దాన్ని యంత్రంలోకి ఎక్కించి, నీలిచక్కెర కోసం వెతికిన ప్రతి మనిషికీ పంపాడు. అందులో ఇలా ఉంది:

‘నా పేరు దూసి నిశిత. నీలిచక్కెరను మొదట వెతికింది నేను. నా చెల్లెలు జ్వరంలో ఆ మాట అంది. అలాంటి వస్తువు లేదు. ఎప్పుడూ లేదు. దానికోసం వెతుకుతూ ఉండగానే నా చెల్లెలు నా పక్కన చనిపోయింది. నేను చూడలేదు. మీవాళ్ళను ఆస్పత్రికి తీసుకెళ్ళండి. వాళ్ళ దగ్గర కూర్చోండి. ఈ ప్రశ్నను చెరిపెయ్యడానికి ఒప్పుకోండి.’

కింద రెండు గళ్ళు: చెరుపు, ఉంచు.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ గది విడిచి వెళ్ళలేదు. కిరీటి టీ తెచ్చాడు. ఇద్దరిలో ఎవరూ తాగలేదు. రెండుంబావుకు నిశిత జననాడిని అడిగింది.

“ఎంతమంది చదివారు?”

“పదహారు లక్షల ఎనభై వేలమంది. చాలామంది ఒకటికి రెండుసార్లు చదివారు.”

“చెరపమన్నవాళ్ళు?”

“మీతో కలిపి ఒక్కరు.”

“నాతో కలిపి ఒక్కరంటే...”

“మీరే.”

నిశితకు కాసేపు ఆ మాట బుర్రకెక్కలేదు. “నేను అబద్ధం చెబుతున్నాననుకున్నారా?”

“లేదు. ఎక్కువమంది మీ మాట నమ్మారు. కొందరు జవాబులు రాశారు. చదవమంటారా?”

“చదువు.”

“‘మీకు దొరకలేదని మాకూ దొరకదా అండీ.’ ‘మీ చెల్లెలి సంగతి చదివి ఏడ్చాను. ఉండనివ్వండి, నాకింకేం లేదు.’ ‘మీరు ఇవ్వలేకపోయారు. మావాళ్ళకైనా ఇచ్చుకోనివ్వండి.’ ఇలాంటివి పదకొండు వేలు ఉన్నాయి. మీ ఉత్తరం చదివి, దాన్ని వేరేవాళ్ళకు పంపినందువల్ల కొత్తగా నలభై వేలమంది వెతికారు. వాళ్ళలో కొందరు లాస్య పేరు కూడా వెతుకుతున్నారు. సూచిక ఇప్పుడు వంద.”

కిరీటి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

“మేడమ్, నాకూ వచ్చిందండీ మీ ఉత్తరం.”

“నీకెందుకొచ్చింది?”

“పోయిన వారం వెతికాను. అమ్మకి చేతులు వణుకుతున్నాయి కదా. అనకాపల్లి డాక్టర్లు ఇక మందుల్లేవన్నారు. ఒకరోజు ఏదో రాద్దామని రాసి ఆగిపోయాను. అది చూపించింది.” “ఇందాక నేనూ ‘ఉంచు’ అనే నొక్కానండీ.”

“అది లేదని నీకు తెలుసు. నా చేత్తో రాసింది నువ్వే పంపావు.”

“తెలుసండీ. తెలిసే నొక్కాను.”

నిశితకు కోపం రాలేదు. తను కూడా పదకొండేళ్ళు ఆ గడినే నొక్కింది కదా.

మూడు గంటలకు అవధాని గారి ఉత్తర్వు వచ్చింది. కూర్పు సిద్ధం. నీలిచక్కెర రేపు ఉదయం ఆరింటి నుంచి రెండు రాష్ట్రాల్లోని మాత్రికలన్నిటిలోనూ దొరుకుతుంది. నమూనా అంటూ చిన్న గాజు సీసా ఒకటి నిశిత బల్ల మీదికి పంపారు. లోపల ఆకాశం రంగు పలుకులు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. సంచీ తీసుకుని వాహనం ఎక్కింది.

ఆస్పత్రికి చేరేసరికి సాయంత్రపు ఎండ వరండాలో ఏటవాలుగా పడుతోంది. సింహాద్రి బల్ల మీద కూర్చుని ఫోన్లోకి వంగి ఉన్నాడు. ఆవిడను చూసి లేచాడు.

“మీ ఉత్తరం సదివినానమ్మా. మీ సెల్లి గురించి...” అని తల దించుకుని, మళ్ళీ ఫోను చూపించాడు. “రేపు ఇస్తారంట గదా. ముందే సెప్పుంటే ఇంత తిరిగుండను.”

“లోపలికెళ్ళి ఆవిడ దగ్గర కూర్చోండి, సింహాద్రిగారూ.”

“ఎల్తానమ్మా, ఇదిగో. ఎన్ని సెంచాలు ఎయ్యాలో సూసి ఎల్తాను.”

నిశిత లోపలికి వెళ్ళింది. పైడితల్లి మంచం పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. యంత్రం గొట్టాల్లోంచి రక్తం మెల్లగా తిరుగుతోంది. ముఖంలో వాపు కొంచెం తగ్గింది. డాక్టరు బతుకుతుందనీ చెప్పలేదు, బతకదనీ చెప్పలేదు. నిశిత కుర్చీలో కూర్చుని, సంచీలోంచి ఫోన్ తీసి ఆపేసింది. పైడితల్లి చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

చాలాసేపటికి పైడితల్లి కళ్ళు తెరిచింది.

“నువ్వా అమ్మా. ఆయనేడీ?”

“బయటున్నారు.”

“ఎతుకుతున్నాడా?”

“ఆఁ.”

కూర్చుంటే చాలన్న ఆ మనిషి, పెదాలు తడుపుకుని, తల కాస్త ఎత్తి, ఆశగా నిశిత ముఖంలోకి చూసింది.

“దొరికిందేటమ్మా?”

నిశితకు తెలిసిన నిజాలన్నీ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. చేతిలోని చెయ్యి వెచ్చగా ఉంది. కిటికీ అవతల సింహాద్రి వీపు కనిపిస్తోంది.

“రేప్పొద్దున దొరుకుతుందమ్మా” అంది.